ఇంకో రెండు వంతులు

పోయిన శనివారం మా ఇంటి ముందు షామియానా వేసి ఆమె జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పదకొండు మంది మాట్లాడారు. నేను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అందరికంటే ఎక్కువసేపు మైకు పట్టుకున్నది ఆమె బావగారు, అంటే భర్తకు అన్న.

"మా మరదలికి ఇల్లు, పిల్లలు, ప్రార్థన తప్ప ఇంకోటి తెల్వది. తన కోసమని ఒక్క గంట గూడ ఎవ్వరిని అడగలే," అన్నాడాయన. చేతిరుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. ముందు వరసలో ఆడవాళ్లు కూడా ఒత్తుకున్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఒక్క గంట కోసమే కదా ఆమె ఈ మనిషితో కొట్లాడింది! ఆ ఒక్క గంటను అట్టపెట్టెలతో సహా ఎత్తుకుపోయింది ఈయనే కదా! పదకొండు మందిలో ఒక్కరు కూడా ఆమె ఆటల మాట ఎత్తలేదు. ఆమె రంగులేసిన బొమ్మల మాట ఎత్తలేదు. మనిషికి అన్నిటికంటే ఇష్టమైనదాన్ని తీసేసి, మిగిలినదానికి ఫోటో కట్టించి దండ వేశారు. పన్నెండో మనిషిగా నేను లేవొచ్చు. లేవలేదు. ఎందుకు లేవలేదో కూడా చెప్తాను, కానీ ముందు ఆమె సంగతి చెప్పనివ్వండి.

ఆమె పేరు రాయను. రాస్తే మా వీధిలో ఆయన పేరూ తెలిసిపోతుంది. ఇక ఆయన మంచివాడా కాదా అన్న ముచ్చటే మిగులుతుంది. ఈ నాలుగు పేజీల్లోనైనా ఆయన వెనక వరసలో కూర్చోవాలి.

మాది శంషాబాద్ పక్కనే. పొలం ప్లాట్లయ్యాక మా ఆయన మూడంతస్తుల ఇల్లు కట్టాడు. కింద మేముంటాం. నేను బళ్లో తెలుగు చెప్తాను. మొదటి అంతస్తులోకి ఐదేళ్ల కింద ఆమె కుటుంబం కిరాయికి వచ్చింది. భర్త ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపేవాడు. ఒక కూతురు, ఒక కొడుకు. ఆమె కాటేదాన్‌లో సీసా మూతలు చేసే ఫ్యాక్టరీలో పనిచేసేది. బెల్టు మీద వచ్చే మూతల్లో సొట్టలు, పగుళ్లు ఉన్నవి ఏరి పక్కన పడేయడం ఆమె పని. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. మొదట్లో నన్ను మేడం అనేది, తర్వాత చెల్లె అంది.

ఆట ఎట్లా మొదలైందంటే, ఎవరో ప్రయాణికుడు క్యాబ్ డిక్కీలో ఒక పెద్ద అట్టపెట్టె మర్చిపోయాడు. ఈమె భర్త ఫోన్ చేస్తే ఆయన అప్పటికే ఏ దేశంలోనో దిగాడు. పిల్లలకు ఇచ్చెయ్యి అన్నాడు. తెరిస్తే ఒక మడత బోర్డు, దాని మీద కూలిపోయిన కోట, కట్టలు కట్టలు కార్డులు, ఆరేడు రకాల పాచికలు, బొటనవేలంత పొడుగున బూడిదరంగు ప్లాస్టిక్ మనుషులు. కత్తులు పట్టినవాళ్లు, కొమ్ములున్నవాళ్లు, మూట మోసే మరుగుజ్జులు. పిల్లలు రెండ్రోజులు ఆడి పక్కన పడేశారు. ఆమె పడేయలేదు.

మొదటి బొమ్మకు గోళ్లరంగు వేసిందట. ముఖమంతా ముద్దైపోయింది. ఆ బొమ్మను చివరిదాకా తన పర్సులో దాచుకుంది. "చూడు, గిదీ నా తెలివి," అని చూపించేది. తర్వాత ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. బేగంబజార్ పోయి రంగులు తెచ్చుకుంది, మూడు వెంట్రుకలున్నాయా అనిపించే కుంచె తెచ్చుకుంది. టిఫిన్ డబ్బా మూతలో తడిపిన స్పాంజి పెట్టి, దాని మీద వెన్న కాగితం పరిచి, ఆ కాగితం మీద రంగు కలిపేది. అట్లా అయితే రంగు ఎండిపోదట. బొమ్మను మందుసీసా మూతకు జిగురుతో అంటించి, ఆ మూతను ఎడమచేత్తో పట్టుకునేది. కుంచె మొన రావడానికి పెదవుల మధ్య పెట్టి తిప్పేది. అందుకే ఆమె నోటి చివర ఎప్పుడూ ఒక చుక్క నీలమో ఎరుపో ఉండేది. అట్లాగే ఫ్యాక్టరీకి పోయేది, అట్లాగే చర్చికి పోయేది.

మా ఇంటి మీదుగానే విమానాలు దిగుతాయి. పెద్దది వస్తే కిటికీ అద్దాలు అదురుతాయి. నాకు చప్పుడు వినపడకముందే ఆమె కుంచె పైకెత్తేది. విమానం పోయాక మళ్లీ దించేది. ఆ మధ్యలో ఊపిరి కూడా పీల్చుకునేది కాదనుకుంటాను. ఒకసారి అట్లా ఆగినప్పుడే అడిగాను, దినమంతా ఫ్యాక్టరీలో కళ్లు పోయేలా మూతలు చూసి మళ్లీ ఇంటికొచ్చి ఈ పని ఏంటక్కా అని.

"ఆడ దినమంతా అన్నీ ఒక్క తీర్గ ఉన్నయా లేదా అని చూస్త, చెల్లె. ఒక్కటి తేడా ఉంటే పారేస్త. ఈడ ఒక్కటి గూడ ఇంకోదాని లెక్క ఉండకుంట చేస్త," అంది.

నిజంగానే ఉండేవి కావు. అట్టపెట్టె మీది బొమ్మలో వీరులందరూ తెల్లగా ఉన్నారు. ఈమె చేతిలో ఒక్కొక్కడు ఒక్కో రకం నలుపు, ఒక్కో రకం చామనఛాయ అయ్యాడు. మంత్రగత్తెకు నా పట్టుచీర అంచు వేసింది. చీర చూస్తానని అడిగి తీసుకుపోయి, ఆ అంచును బియ్యపుగింజంత మేరలో దించింది. ఒక రాక్షసుడికి గళ్ల లుంగీ కట్టింది. ఆ గళ్లు లెక్కపెట్టాలంటే భూతద్దం కావాలి. అవి వేసినన్ని రోజులు ఎవరు పిలిచినా పలకలేదు.

ఆట నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉండేది. దాన్ని ఒక పొడుగు నోటుబుక్కులో తెలుగులో రాసుకుంది. ఒక మనిషి ఎంతసేపు కొట్లాడగలడో చెప్పే అంకెకు తెలుగులో ఏమనాలని నన్ను అడిగింది. నేను పంతులమ్మను కదా, "దేహదారుఢ్యం" అన్నాను. నా ముఖం చూసింది.

"గది చదివేలోపల రాక్షసుడు వచ్చి మింగిపోతడు," అని "దమ్ము" అని రాసుకుంది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక బల్ల మీద బోర్డు పరిచేది. ఆమె పిల్లలు, మా పిల్ల, పై అంతస్తు పిల్లలు ఇద్దరు. మా పిల్లకు అప్పుడు పదేళ్లు. మొదటి నెలంతా ఓడిపోయి ఏడుస్తూ దిగివచ్చేది. ఒక ఆదివారం నేనే విసురుగా పైకి పోయాను.

"చిన్నపిల్ల కదక్కా. ఒక్కసారి గెలవనిస్తే ఏం పోయింది?"

"గెలవనియ్యాల్నా?" ఆమె పాచికలు బల్ల మీద పెట్టేసింది. నిజంగా కోపమొచ్చింది. "అంటే నీ బిడ్డకు శాతగాదని నేనే ఒప్పుకోవాల్నా? నేను ఒప్పుకోను. నీకు అనిపిస్తే నువ్వు అనుకో. రేపో మాపో నన్ను ఓడగొడ్తది, అప్పుడు గది దానిదైతది. నేనిస్తే దానిదెట్లైతది?"

రెండు నెలలకు మా పిల్ల ఆమెను ఓడించింది. ఆమె సంతోషించిందని రాయాలనుంది, కానీ అది అబద్ధం. బల్ల మీద అరచేత్తో కొట్టి లేచి వంటింట్లోకి పోయింది. గిన్నెలు దడదడలాడించింది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మళ్ల ఆడుదాం. ఈసారి చూస్త నీ సంగతి," అంది. మా పిల్ల ఆ రోజు మెట్లన్నీ దుముకుతూ దిగింది. నేను ఎన్ని బహుమతులు కొనిచ్చినా దాని ముఖంలో ఆ వెలుగు చూడలేదు.

ఆమెకు ఇంకో మాట మీద కూడా కోపమొచ్చేది. చర్చి ఆడవాళ్లు వచ్చి, "పిల్లలను సెల్‌ఫోన్ మాన్పియ్యనీకి మంచి ఉపాయం చేసినవమ్మా, పిల్లల కోసం ఎంత కష్టపడుతున్నవు," అనేవాళ్లు. నేనూ ఒకసారి అన్నాను.

"పిల్లల కోసం గాదు," అంది. "నా కోసం. వాళ్లు నాతోని ఆడుతుర్రు, అంతే. మీ ఆయన ఆదివారం క్రికెట్ చూస్తడు గదా, పిల్లల కోసమే చూస్తడా? ఆయన్ని ఎవ్వలన్న అడుగుతరా?"

ఎవరూ అడగరు. మేమందరం నవ్వాం, ఆమె ఏదో వినయానికి అంటోందన్నట్టు. తల్లి తన కోసం ఆడుకుంటుంది అన్న మాట మా చెవుల్లోకి దూరలేదు. దాన్ని తిప్పి తిప్పి త్యాగం చేశాం. మొన్న షామియానా కింద చేసింది కూడా అదే.

ఇక ఆ ఆదివారం.

ఆమె కొడుకుకు అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కలు పోయాయి. సంగతి జల్‌పల్లిలో ఉండే బావగారికి తెలిసింది. ఆయన ప్లాట్లు అమ్మిస్తాడు. చర్చిలో పెద్దమనిషి. తమ్ముడికి క్యాబ్ కొనుక్కోవడానికి పూచీ ఉన్నది కూడా ఆయనే. సాయంత్రం నాలుగున్నరప్పుడు పైకి పోవడం చూశాను. కాసేపటికి ఆయన గొంతు కిందికి వినిపించింది. ఇంటి ఓనరును కదా, పోయి గుమ్మంలో నిలబడ్డాను.

లోపల బల్ల చుట్టూ పిల్లలు బిగుసుకుపోయి ఉన్నారు. ఏం జరిగిందో తర్వాత మా పిల్ల చెప్పింది. ఆయన గుమ్మంలో అడుగుపెట్టి, "ఏంది గిది? ఇల్లా, పిల్లల బడా?" అన్నాడట. ఆమె తల ఎత్తి, "కూసోండ్రి బావా. ఇంకో రెండు వంతులు. అయిపోతది, ఛాయ్ పెడ్త," అందట. అంతే. పాచికలు వేసింది.

ఆయన మార్కుల గురించి అరిచాడు. కొమ్ముల బొమ్మను ఎత్తి పట్టుకుని, దేవుడి బిడ్డల ఇంట్లో దయ్యాలేంటని అరిచాడు. నలుగురు ఏమనుకుంటారని అరిచాడు. నాకు ఈనాటికీ రూఢిగా తెలుసు, ఆయనకు మార్కులూ పట్టలేదు, దయ్యాలూ పట్టలేదు. ఒక ఆడమనిషి తన ఆట ఆపకుండా ఆయన్ను కాసేపు ఆగమంది. ఆయన జీవితంలో ఆ ఇంటి ఆడవాళ్లెవరూ ఆయన్ను ఆగమని ఉండరు.

"మార్కులు నేను చూసుకుంట బావా. రోజు కూసోబెట్టి చెప్తున్న. గివి ప్లాస్టిక్ బొమ్మలు, దయ్యాలు గావు," ఆమె నెమ్మదిగానే చెప్పింది. అప్పుడాయన నా వైపు తిరిగాడు.

"ఓనర్ మేడం, మీరు చదువుకున్నోళ్లు. మీరే చెప్పుండ్రి. మీ పిల్ల గూడ ఈడికే వస్తదంట గదా?"

మర్యాదగా అడిగాడు. పెద్దమనిషిలా అడిగాడు. ఆ సమయంలో నా బుర్రలో ఏం మెదిలిందో చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఈయన మా ఆయనకు తెలిసినవాడు. మా మిగిలిన రెండు గుంటల స్థలం బేరం ఈయన చేతిలో ఉంది. పైగా, టీచర్ అయ్యుండి పిల్లను ఆటలకు పంపిస్తుందా అని ఊళ్లో అనుకుంటే?

"మా పిల్ల రాదండీ," అన్నాను.

మా పిల్ల బల్ల దగ్గరే కూర్చుని ఉంది. దాని పిడికిలిలో పాచికలు ఉన్నాయి. దాని వంతు వచ్చింది మరి. ఆయన దాన్ని చూశాడు, అది నా కూతురని ఆయనకు తెలియదు. అది నన్ను చూసింది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

తర్వాత ఆయన ఆ పాత ఆట పెట్టె, ఆమె తర్వాత డబ్బులు కూడబెట్టి కొనుక్కున్న ఇంకో ఆట పెట్టె, అల్మరా మీది బొమ్మలూ అన్నీ సర్దించాడు. ఆమె ఒక పెట్టెను పట్టుకుని వదలలేదట. ఆయన తమ్ముడి వైపు చూసి, "చెప్పురా నీ పెండ్లానికి," అన్నాడట. భర్త కారు తాళాలను చూసుకుంటూ, "ఇచ్చెయ్యరాదె. పరీక్షలైనంక తెచ్చుకుందం," అన్నాడట. ఆమె వదిలేసింది. ఎనభై మూడు బొమ్మలు. మూడేళ్ల పని. ఆయన కారు డిక్కీలో పడటం మా కిటికీలోంచి చూశాను. ఒకదాని మీద ఒకటి, చెప్పుల్లాగా పడేశాడు.

పిల్లాడి సంవత్సరాంత పరీక్షలైన మర్నాడు ఆమె మా గుమ్మంలోకి వచ్చింది. "చెల్లె, జర బండి తియ్యి. జల్‌పల్లి పోవాలె," అంది. నేను ఇంకేం అడగకుండా స్కూటీ తీశాను. దారి పొడుగునా ఆమె ముఖాన్ని నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను.

బావగారు ఇంట్లో లేడు. ఆయన భార్య నీళ్లిచ్చింది. "అవ్వా? పాత సామాన్లాయనకు ఏసేసినం గదా, మొన్న ఇల్లు దులిపినప్పుడు," అంది. ఏదో పాత బకెట్ సంగతి చెప్పినట్టు చెప్పింది. దుర్మార్గంగా కూడా చెప్పలేదు. అదే నాకు ఎక్కువ మంట. వాళ్లకు అది పగ తీర్చుకోవడం కూడా కాదు, ఇల్లు శుభ్రం చేసుకోవడం.

ఆ పాత సామాన్లాయన ఏ కొట్లో వేస్తాడో కనుక్కుంది. కాటేదాన్‌లో. బండెక్కి కూర్చుని, "పోనియ్యి," అంది.

రేకుల షెడ్డు. లోపల ప్లాస్టిక్ గుట్టలు గుట్టలు. ఒక మూల ప్లాస్టిక్ ముక్కలు చేసే యంత్రం గరగరలాడుతోంది. నాకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. ఆమెకు తెలుసు. దినమంతా ప్లాస్టిక్‌తోనే కదా ఆమె పని. సంచులు, కవర్ల గుట్ట వైపు చూడనైనా చూడలేదు. "గవి గట్టి ప్లాస్టిక్. గీ కుప్పల ఉంటయి," అని విరిగిన కుర్చీలు, మగ్గులు, ఆటబొమ్మలు కలిసిపోయిన గుట్ట ముందు చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండకు రేకులు కాలిపోతున్నాయి. చేతులు గీసుకుపోయాయి. నోటికొచ్చిన తిట్లు తిడుతూ ఏరింది. చర్చికి పోయే ఆమె నోట అట్లాంటి మాటలు నేనెప్పుడూ వినలేదు. బావను తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, పెట్టె వదిలేసినందుకు తన చేతులను తిట్టింది. నన్ను మాత్రం తిట్టలేదు. నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

కొట్టు యజమాని ముసలాయన. మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. ఆమె అరచేతిలో తల తెగిన ఒక చిన్న మనిషి ఉన్నాడు.

"ఏంది బిడ్డా గివి? దేవుని బొమ్మలా?" అన్నాడు, గౌరవంగానే.

"దేవునివి గావు," అంది ఆమె. "నావి."

ఆయన ఆ బొమ్మను వంగి చూశాడు. ఇంకేం అడగలేదు. వెనక్కి తిరిగి కేకేసి యంత్రం ఆపించాడు. "గీ కుప్ప రేపటిదాంక ముట్టుకోకుర్రి," అని పనివాళ్లకు చెప్పాడు. మాకు రెండు గ్లాసుల నీళ్లు తెప్పించాడు. ఆ మొత్తం వ్యవహారంలో ఆమె మాటను ఆమె చెప్పినట్టుగా విన్న మగవాడు ఆ ముసలాయన ఒక్కడే.

ఆ రోజు పదకొండు దొరికాయి. మర్నాడు చర్చి మానేసి వచ్చి ఇంకో ఆరు ఏరుకుంది. పదిహేడు. లుంగీ రాక్షసుడు దొరకలేదు. మంత్రగత్తె దొరికింది కానీ అంచు మీద ఎవరో కాలు వేశారు.

ఆపై ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి ముంగట అందరూ మాట్లాడుకుంటుంటే, ఆమె బావగారి ముందుకు పోయి నిలబడింది. మా పక్కింటావిడ చూసి చెప్పింది.

"బావా, నా సామాన్లు నన్ను అడగకుంట పాతసామాన్లకు ఏసినవు."

ఆయన చుట్టూ చూసి నవ్వాడట. "బొమ్మలే గదమ్మా!"

"మరి నీ ప్లాట్ల కాయితాలు నేను గట్లనే ఏస్త. కాయితాలే గదా."

ఆయన నవ్వు ఆగిపోయిందట. మళ్లీ ఆ ఇంటి మెట్లెక్కలేదు, ఆమె పోయేదాకా. భర్త కొన్నాళ్లు అన్న దగ్గరికీ ఆమె దగ్గరికీ మధ్య తిరిగి, చివరికి తనే ఒక ఇనుప బీరువా తెచ్చాడు. తాళంచెవి ఆమె మెడలోని గొలుసుకు వేలాడింది. పోయిన బోర్డు, కార్డులు నోటుబుక్కు చూసి అట్టముక్కల మీద తనే గీసుకుంది, పాచికలు కొత్తవి కొనుక్కుంది, ఆదివారం ఆట మళ్లీ మొదలైంది. పై అంతస్తు పిల్లలను వాళ్ల తల్లి పంపలేదు. మా పిల్లను నేను ఆపలేదు, కానీ అది నాతో మాట్లాడకుండా మెట్లెక్కేది. లేని బొమ్మల చోట ఆమె ఫ్యాక్టరీలో తీసేసిన సీసా మూతలు పెట్టి, వాటికి ముఖాలు గీసింది.

రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో ఎన్నిసార్లు ఆమె ఎదురుగా కూర్చుని టీ తాగానో. ప్రతిసారీ నా అబద్ధం సంగతి చెప్పేద్దామనుకునేదాన్ని. ఆమెకు తెలియదులే అనుకునేదాన్ని. గుమ్మంలో మెల్లగానే అన్నాను కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఈ వేసవిలో ఆమెకు కడుపులో గడ్డ అన్నారు. సిటీలో దవాఖానలో పెట్టారు. నేను పోయేసరికి సగమైపోయింది. చేతుల మీద సూదుల మచ్చలు, వాపు. వేళ్లు మడవలేకపోతున్నానని చూపించింది. ఆ వేళ్లు చూస్తే ఇక ఆగలేకపోయాను.

"అక్కా, ఆ రోజు మీ బావగారు అడిగినప్పుడు నేను..."

"మా పిల్ల రాదు అన్నవు," అంది ఆమె. "విన్న."

"మరి ఎన్నడూ అడగలేదేంటక్కా?"

"నువ్వే చెప్తవని చూసిన. కుప్పల కూసున్నప్పుడు చెప్తవనుకున్న. చెప్పలె. ఇగ చెప్తది, ఇగ చెప్తది అని రెండేండ్లు చూసిన."

"నన్ను క్షమించక్కా."

ఆమె కళ్లు మూసుకుంది. ఏడుస్తుందేమో, నా చెయ్యి పట్టుకుంటుందేమో అనుకున్నాను. కళ్లు తెరిచినప్పుడు వాటిలో పాత కోపమే ఉంది. మా పిల్లను గెలవనివ్వమన్న రోజు చూసిన కోపం.

"నాకు చెప్పుడేంది? ఆడ నీ బిడ్డ కూసోని ఉండె. అమ్మ నన్ను లేదన్నదని విన్నది. దానికి చెప్పినవా?"

"లేదు."

"పోయి ముందు దానికి చెప్పు. చెప్పి రా. అప్పుడు చూస్త, మాఫ్ చేసేదో లేదో."

అదే రోజు ఇంటికొచ్చి మా పిల్లను కూర్చోబెట్టి చెప్పాను. భయపడి అబద్ధమాడానని, అది తప్పని. అది గోడ వైపు తిరిగి, "ఆంటీ చెప్పమంటే చెప్తున్నవా, నీకే అనిపించి చెప్తున్నవా?" అంది. మూడో రోజు మళ్లీ దవాఖానకు పోయాను. అప్పటికి ఆమెను లోపలి గదికి మార్చారు, నోట్లో గొట్టం ఉంది. అద్దంలోంచి చూడనిచ్చారు. ఆమె నన్ను మాఫ్ చేయలేదు. చేసే వీలు కూడా లేకుండా పోయింది. షామియానా కింద నేను లేవకపోవడానికి అదే కారణం. బావగారిది అబద్ధమని చెప్పడానికి లేస్తే, నాది కూడా చెప్పాలి. మళ్లీ భయపడ్డాను. నా మీద నాకున్న కోపం ముందు ఆయన మీద కోపం చిన్నదే.

కూడిక అయిన మర్నాడు పైకి పోయాను. ఆమె కూతురు బీరువా తెరిచి నేల మీద కూర్చుని ఉంది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఒక్కో బొమ్మను పొడిగుడ్డతో తుడిచి, పేపర్లో చుట్టి డబ్బాలో పెడుతోంది. ముఖం కందిపోయి ఉంది.

"పొద్దుగాల పెదనాన్న వచ్చిండు ఆంటీ," అంది. "ఈ డబ్బాలు ఇయ్యమన్నడు. అమ్మ యాదికి చర్చి పిల్లలకు పంచుతడంట."

"నువ్వేమన్నావు?"

"ఇయ్యనన్న. గవి అమ్మవి అని చెప్పిన. పెదనాన్న నాన్న దిక్కు చూసిండు. నాన్న ఈసారి తాళాలు చూసుకుంట నిలబడలే. బయటికి పోయి పెదనాన్న చెప్పులు మెట్ల మీద పెట్టిండు, ఇగ పో అన్నట్టు."

నేను ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. "మంచిపని చేశావు బిడ్డా. ఇక నువ్వు, తమ్ముడు ఆడుకోండి. మా పిల్ల కూడా వస్తుంది."

ఆ పిల్ల ఇంకో పేపరు ముక్క తీసుకుంది. మంత్రగత్తెను చుట్టింది.

"నాకు ఈ ఆటలంటే ఎన్నడు ఇష్టం లేకుండె ఆంటీ. రూల్సు సగం ఇప్పటికి తెల్వయి."

"మరి ప్రతి ఆదివారం ఎందుకు కూర్చునేదానివి?"

"అమ్మను చూద్దామని. ఫ్యాక్టరీ నుంచి వచ్చే అమ్మ వేరే, వంటింట్ల అమ్మ వేరే. పాచికలు ఏసేటప్పుడు గట్టిగ అరుస్తది, ఓడిపోతే మూతి ముడుస్తది, మాతోని కచ్చి అని మాట్లాడది. గా అమ్మ మాకు ఆదివారం మూడు గంటల నుంచి ఐదు గంటల దాంకనే దొరుకుతుండె."